బండి భోగట్టా: సెంట్రల్ లాక్ అని మనం పిలిచే మూడు సంగతులు

చాలా ఉత్తరాలు ‘సెంట్రల్ లాక్ పనిచేయడం లేదు’ అనే మొదలవుతున్నాయి. చదువుకుంటూ పోతే ఒకరిది తాళంలోని చిప్పు గొడవ, ఒకరిది రిమోటు గొడవ, ఇంకొకరిది బయట బిగించుకున్న సైరన్ గొడవ. మూడూ ఒకే గుత్తికి వేలాడుతుంటాయి గానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు. చిప్పు ఇంజిన్ను నడవనిస్తుంది, రిమోటు తలుపులు తీస్తుంది, సైరన్ అరుస్తుంది. వీటిలో ఏది పోయిందో తేల్చుకోకుండా షాపుకు వెళ్తే మూడింటికీ డబ్బు పెట్టి వస్తాం.

ప్రశ్న: పాత పెట్రోలు కారు కొన్నాను. అమ్మినాయన ఒక్క తాళమే ఇచ్చాడు. డూప్లికేట్ చేయించాను. దాంతో తలుపు వస్తోంది, సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిను అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతోంది. మీటరులో తాళం గుర్తున్న లైటు మినుకుమినుకుమంటోంది. తాళం సరిగా కొయ్యలేదంటారా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కోత బాగానే ఉంది. సెల్ఫ్ తిరిగిందంటే ఇగ్నిషన్ బ్యారెల్ (తాళం తిరిగే గొట్టం) ఆ తాళాన్ని ఒప్పుకున్నట్టే. ఒప్పుకోనిది ఇమ్మొబిలైజరు, అంటే తాళంలోని చిప్పును గుర్తుపట్టాకే ఇంజిన్ను నడవనిచ్చే ఏర్పాటు.

తాళం దూర్చే కన్నం చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న తరంగం పంపుతుంది. కొన్ని చిప్పులకు ఇది 134.2. తాళం తలలో ఉన్న చిప్పుకు సొంత సెల్లు ఉండదు. ఆ తరంగంలోని శక్తితోనే మేలుకుని తన గుర్తింపు చెబుతుంది. చెప్పింది సరిపోతే ఈసీయూ (ఇంజిన్ను నడిపే కంప్యూటరు) పెట్రోలు ఇంజెక్టర్లను నడవనిస్తుంది, లేకపోతే ఒకటి రెండు సెకన్లలో ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో అసలు సెల్ఫే తిరగదు. మీ డూప్లికేట్‌లో చిప్పు లేకపోయి ఉండాలి, లేదా చిప్పు ఉండి కారుకు పరిచయం చేయకపోయి ఉండాలి.

పరిచయం చేసే పని ఇలా జరుగుతుంది. ముందు మీ మోడల్‌కు సరిపడే చిప్పున్న బ్లాంక్ తాళం కొని కోయించాలి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. తాళం ఆకారం ఒకటే అయినా చిప్పు రకం వేరైతే ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేసినా ఎక్కదు. తర్వాత స్టీరింగ్ కింద ఉండే కారు కంప్యూటర్లతో మాట్లాడే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించి, ఇమ్మొబిలైజరు మెనూలో తాళాల నమోదు తెరిచి, ఆ కారు పిన్ కోడ్ కొట్టాలి. పిన్ మీ కారు 17 అక్షరాల చాసిస్ నంబరుకు కట్టి ఉంటుంది. ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూపిస్తే కంపెనీ డీలరు తెప్పించగలడు. తప్పు పిన్ వరసగా కొట్టుకుంటూ పోతే సిస్టమ్ కాసేపు తాళం వేసుకుని కూర్చుంటుంది కాబట్టి ‘చూద్దాం’ అని అంకెలు ప్రయత్నించనివ్వకండి.

పిన్ ఒప్పుకున్నాక మొదటి తాళం ఆన్‌లో పెట్టి నమోదు, తీసి రెండోది పెట్టి నమోదు. చాలా కార్లలో ఈ నమోదు మొదలవగానే పాత జాబితా మొత్తం చెరిగిపోతుంది. అందుకే ఉన్న తాళాలన్నీ ఒక్కసారే తీసుకెళ్లాలి. ఇంట్లో మరిచిన తాళం ఆ సాయంత్రం నుంచి తలుపు తీయడానికి మాత్రమే పనికొస్తుంది.

మీ విషయంలో ఈ చెరిగిపోవడమే మేలు. ముందు యజమాని దగ్గర ఇంకో తాళం ఉందో, ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు కదా. నమోదయ్యాక స్కానర్‌లో తాళాల సంఖ్య అడిగి చూపించమనండి. రెండు చేయిస్తే 2 అనే చూపాలి. 3 అని కనబడితే పాతది ఇంకా బతికే ఉంది. ఇంజిను విషయంలో ఇలా అడ్డుకున్నా, ఆ పాత తాళం తలుపు తీయకుండా ఉండాలంటే బ్యారెల్ మార్చడం ఒక్కటే దారి.

పని జరుగుతున్నంతసేపూ బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గకూడదు. ఏసీ బ్లోవరు, లైట్లు, పాటల సెట్టు కట్టేసి ఉండాలి. రాత మధ్యలో వోల్టేజి పడిపోతే ఈసీయూ మెమొరీ సగం రాసిన పలకలా మిగిలి, ఉన్న ఒక్క తాళమూ పనిచేయని స్థితి రావచ్చు. బ్యాటరీ పాతదైతే సపోర్టు చార్జరు తగిలించి మొదలుపెట్టమనండి. అయిపోయాక ఒక్కో తాళంతో స్టార్ట్ చేసి కనీసం అర నిమిషం నడిపి చూసుకోండి. అలా చూసుకునేటప్పుడు రెండో తాళాన్ని అదే గుత్తికి ఉంచకండి. రెండు చిప్పులు పక్కపక్కనే ఉంటే ఒకదాని మాటకు ఇంకొకటి అడ్డొచ్చి, బాగున్న తాళం కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. ‘ప్రోగ్రామింగ్ ఎందుకండీ, చవకలో చేసేస్తాం’ అని అసలు తాళంలోని చిప్పు తీసి ఆ తీగచుట్ట పక్కన డ్యాష్‌బోర్డు లోపల అంటించేసేవారు ఉన్నారు. ఆ తర్వాత ఏ సాదా తాళంతోనైనా బండి నడుస్తుంది. మీకే కాదు, దొంగకు కూడా. అసలు తాళం చేతిలో ఉండగానే రెండోది చేయించుకోండి. ఉన్నదీ పోతే పని రెండింతలవుతుంది, కొన్ని కార్లకు ఈసీయూ విప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: బటన్లు అరిగిపోయాయని రిమోటు తాళానికి కొత్త షెల్ వేయించాను. షాపుకు స్కూటరు మీద వెళ్లాను. ఇంటికొచ్చి చూస్తే తలుపులు తెరుచుకుంటున్నాయి, బండి స్టార్ట్ కావడం లేదు.
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: చిప్పు పాత షెల్‌లోనే ఉండిపోయింది. ఈరోజే వెళ్లి చెత్తబుట్ట వెతికించండి. బియ్యపు గింజంత గాజు గొట్టంలా గానీ, చిన్న నల్లటి ఇటుకముక్కలా గానీ ఉంటుంది. రిమోటు బోర్డును మార్చి దీన్ని మార్చడం మరిచిపోవడం చాలా మామూలు పొరపాటు. కొన్ని మోడళ్లలో చిప్పు బోర్డు మీదే ఉంటుంది, వాటికి ఈ బాధ లేదు.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట బయట షాపులో సెక్యూరిటీ అలారం బిగించుకున్నాం. ఇప్పుడు ఒక రిమోటు పోయింది. బజారులో అదే ఆకారంలో ఇంకోటి కొన్నాను. మనమే ప్రోగ్రామ్ చేసుకోవచ్చా? పోయిన రిమోటు ఎవరికైనా దొరికితే?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: చేసుకోవచ్చు. కొన్న రిమోటు మీ అలారం యూనిట్‌దే అయితేనే. ఆకారం చూసి మోసపోకండి. ఒకే డబ్బాలో నాలుగు రకాల బోర్డులు పెట్టి అమ్ముతారు. పాత రిమోటు వెనక మూత తీసి బోర్డు మీది నంబరు, ఫ్రీక్వెన్సీ చూడండి. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్. కొత్తదానిలోనూ అవే ఉండాలి. గేటు రిమోటును కాపీ చేసినట్టు దీన్ని కాపీ చేయిస్తామంటే నమ్మకండి. రోలింగ్ కోడ్ రిమోటు నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది. నిన్నటి కోడ్‌ను పట్టుకుని రాసిపెట్టుకున్నా ఇవాళ చెల్లదు.

ఇక పద్ధతి. ముందు వాలెట్ స్విచ్ (అలారాన్ని చేత్తో ఆపే, సెట్ చేసే బటను) ఎక్కడుందో వెతకండి. డ్రైవరు కుడి మోకాలి దగ్గర ఫ్యూజుల పెట్టె మూత వెనక, స్టీరింగ్ కాలమ్ కింద, లేదా పెడళ్ల పైన చేత్తో తడిమితే చిన్న నొక్కుడు బటను తగులుతుంది. అలారం డిసార్మ్ చేసి (కాపలా ఆపి), తలుపులు మూసి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఆ వెంటనే పది పదిహేను సెకన్లలోపు వాలెట్ స్విచ్‌ను మాన్యువల్‌లో చెప్పినన్ని సార్లు నొక్కాలి. ఎన్నిసార్లన్నది యూనిట్‌ను బట్టి మారుతుంది కాబట్టి బిగించినప్పుడు ఇచ్చిన కాగితం వెతుక్కోక తప్పదు. సైరన్ ఒకసారి కూస్తే నేర్చుకునే స్థితిలోకి వచ్చినట్టు. అప్పుడు కొత్త రిమోటు లాక్ బటన్ను కూత వచ్చేదాకా నొక్కి పట్టండి, తర్వాత పాత రిమోటుదీ అలాగే. ఇగ్నిషన్ కట్టేస్తే ముగిసింది. మధ్యలో ఎక్కువసేపు ఆగితే యూనిట్ దానంతటదే బయటికి వచ్చేస్తుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి.

చాలామందికి రానిది స్విచ్ నొక్కే లయ. గబగబా నొక్కితే రెండు నొక్కుళ్లను ఒకటిగా లెక్కేసుకుంటుంది. సెకనుకు ఒకటి చొప్పున, మెట్లు ఎక్కినట్టు నొక్కండి.

పోయిన రిమోటు సంగతి మంచి ప్రశ్న. చాలా యూనిట్లు నాలుగు రిమోట్లను గుర్తుంచుకుంటాయి. ఐదోది నేర్పితే అన్నిటికన్నా పాతది జారిపోతుంది. మీ దగ్గర రెండే ఉన్నాయి కాబట్టి ఒకే విడతలో కొత్తది, పాతది, మళ్లీ కొత్తది, మళ్లీ పాతది అని నాలుగు సార్లు నేర్పండి. నాలుగు గదులూ మీవాటితో నిండి, పోయినది బయటికి వెళ్తుంది. కొన్ని యూనిట్లు ఒకే రిమోటును రెండుసార్లు రాసుకోవు. వాటిలో అన్నీ చెరిపే ఆజ్ఞ వేరుగా ఉంటుంది.

పనిలో పనిగా ఎమర్జెన్సీ పిన్ కూడా మార్చండి. రిమోటు లేనప్పుడు తాళంతో తలుపు తీసి, సైరన్ అరుస్తుండగా ఇగ్నిషన్ వేసి, వాలెట్ స్విచ్‌తో అంకెలు నొక్కి అలారం ఆపే కోడ్ అది. కంపెనీ పెట్టి పంపిన కోడ్ మార్చకపోతే ఆ మాన్యువల్ చదివిన ప్రతివాడికీ తెలిసినట్టే. సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు మాత్రం పిన్ చెప్పకండి, అలారం కాపలా కాయని వాలెట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి. ఇంటికి తెచ్చుకున్నాక మోడ్ తీయడం మరిచిపోతే అలారం ఉన్నా లేనట్టే.

ప్రశ్న: మా పాప రిమోటుతో ఇంట్లో ఆడుకుంది. ఇప్పుడు నొక్కితే కారు పలకడం లేదు. రిమోటు లైటు వెలుగుతోంది.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: కారు పక్కన నిలబడి వరసగా రెండుసార్లు నొక్కి చూడండి. రిమోటు, యూనిట్ ఒకే లెక్కను వేరువేరుగా నడుపుకుంటుంటాయి. కారుకు అందని చోట నొక్కితే రిమోటు లెక్క ముందుకు పోతుంది. కీలాక్ అనే పద్ధతిలో ఈ తేడా 16 లోపుంటే ఒక్క నొక్కుడుకే సర్దుకుంటుంది, అంతకు మించితే వరసగా రెండు కోడ్‌లు వినిగానీ నమ్మదు. అప్పటికీ పలకకపోతే పైన చెప్పినట్టు మళ్లీ నేర్పాలి.

ప్రశ్న: పెదవాల్తేరులో సముద్రానికి దగ్గరగా ఉంటాం. కారు ఆరుబయటే. వారంలో రెండు మూడు రాత్రులు ఏమీ లేకుండానే సైరన్ మోగుతోంది. ఇరుగుపొరుగు గొడవ పెడుతున్నారు. షాక్ సెన్సార్ పూర్తిగా తగ్గించినా ఆగలేదు.
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: తగ్గించినా ఆగలేదంటే తప్పు కుదుపు పసిగట్టే షాక్ సెన్సార్‌ది కాదేమో. మీ పేటలో ముందు అనుమానించాల్సింది బానెట్ కింది పిన్ స్విచ్, అంటే బానెట్ ఎత్తితే పైకి లేచి అలారానికి కబురు చెప్పే బటను. బానెట్ అంచు నుంచి కారే నీళ్లు సరిగ్గా దాని నెత్తిన పడతాయి, ఉప్పు గాలికి లోపల చిలుము పడుతుంది. పగలు ఎండకు ఆరి బాగానే ఉంటుంది. రాత్రి మంచుకో తేమకో ఆ ఉప్పు తడిసి కరెంటు పారే దారి అవుతుంది. బానెట్ ఎవరో ఎత్తారని యూనిట్ అనుకుంటుంది.

మల్టీమీటరుతో తేల్చవచ్చు. స్విచ్ వైరు ఊడదీసి, దానికీ బాడీకీ మధ్య ఓములు కొలవండి. స్విచ్ పైకి ఉన్నప్పుడు ఒక ఓము లోపు, నొక్కి పట్టినప్పుడు అనంతం చూపాలి. నొక్కి పట్టినా ఏవో కిలోఓములు ఎగిరిపడుతూ కనిపిస్తే అదే దొంగ. కొంచెం నీళ్లు చిలకరించి మళ్లీ కొలిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గీకి శుభ్రం చేస్తే నెల ఆగుతుంది, మార్చేస్తే నయం. కొత్తదాన్ని నీళ్ల దారికి పక్కగా, బాడీ రంగు గీకిన చోట బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పట్టించండి. అలారం ఎర్త్ వైరు బోల్టుకు కూడా అదే మందు.

అది బాగుంటే ఒక్కో రాత్రి ఒక్కోటి విప్పి చూడాలి. మొదటి రాత్రి షాక్ సెన్సార్ కప్లర్ పీకి పడుకోండి. ఆ రాత్రి మోగకపోతే సెన్సారే. అది టేపు ఊడి డ్యాష్‌బోర్డు లోపల వేలాడుతుండవచ్చు. అప్పుడు సెట్టింగ్ ఎంత తగ్గించినా గాలికి ఊగి కొట్టుకుంటుంది. గట్టి లోహపు బ్రాకెట్టుకు రెండు కేబుల్ టైలతో కట్టి, స్క్రూ అడుగు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, అద్దం పక్క స్తంభం మీద పిడికిలితో తట్టండి. మెల్లగా తడితే చిన్న కూత, గట్టిగా కొడితే పూర్తి సైరన్ రావాలి. అద్దం మీద కొట్టి పరీక్షించకండి, పగిలితే సెన్సారు కన్నా అద్దం ఖరీదు.

రెండో రాత్రికి లోపలి లైటు. తలుపు మూశాక మెల్లగా ఆరే లైటున్న కార్లలో, అది ఆరకముందే లాక్ నొక్కితే తలుపు తెరిచి ఉందని యూనిట్ పొరబడుతుంది. లైటు ఆరాక నొక్కండి, లేదా ఆర్మింగ్ (కాపలా మొదలయ్యే) ఆలస్యాన్ని 30 సెకన్లకు పెంచే సెట్టింగ్ ఉందేమో చూడండి.

సైరన్ లోపల సొంత బ్యాటరీ ఉన్న రకమైతే ఇంకో కారణం కూడా ఉంది. నాలుగైదేళ్లకు ఆ చిన్న బ్యాటరీ కారిపోయి, యూనిట్ చెప్పకుండానే సైరన్ సొంతంగా కూస్తుంది. పక్కన ఉండే చిన్న తాళంతో దాన్ని ఆపి ఒక రాత్రి చూడండి. సైరన్ నోరు కిందికి ఉండాలన్నది కూడా చూసుకోండి. హుద్‌హుద్ లాంటి తుఫాను మాట అటుంచి, మామూలు వానకే పైకి చూసే సైరన్ గిన్నెలా నిండుతుంది.

చాలా యూనిట్లు డిసార్మ్ చేశాక ఎల్ఈడీ మెరుపులతో ఏ జోన్ (తలుపు, బానెట్, షాక్ సెన్సార్లలో ఏది) మోగించిందో చెబుతాయి. ఇగ్నిషన్ వేస్తే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. కాబట్టి ఈసారి మోగినప్పుడు విసుగుతో బండి తీయకుండా ముందు మెరుపులు లెక్కపెట్టండి.

ప్రశ్న: పుష్ స్టార్ట్ కారు. ‘తాళం కనబడలేదు’ అని చూపిస్తోంది. సెల్లు అయిపోతే నడిరోడ్డు మీద ఆగిపోవాల్సిందేనా?
– ఒక పాఠకుడు, ఉక్కునగరం

జవాబు: అక్కర్లేదు. రిమోటు పక్కనుంచి లోహపు తాళం బయటికి లాగి తలుపు తీయండి. అలారం మోగినా కంగారు పడకండి. బ్రేకు నొక్కి, గేర్ల బండి అయితే క్లచ్ కూడా నొక్కి, రిమోటును స్టార్ట్ బటనుకే ఆనించి నొక్కండి. లోపలి చిప్పుకు సెల్లు అవసరం లేదని గాజువాక పాఠకుడికి చెప్పాం కదా, అదే ఇక్కడ పని చేస్తుంది. కొన్ని కార్లలో ఆనించే చోటు గేరు దగ్గర గుంటలో ఉంటుంది, మాన్యువల్‌లో ముందే చూసి ఉంచుకోండి.

సెల్లు మార్చేటప్పుడు నంబరు చదవండి. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 కూడా 3 వోల్టులే గానీ 2.5 మిల్లీమీటర్లే మందం. వదులుగా ఆడి ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు.

ప్రశ్న: తాళం ఇంట్లో ఉండగానే కారు ఎత్తుకుపోతున్నారట, నిజమేనా? సీతమ్మధారలో మా కారు ఇంటి గుమ్మానికి ఆరడుగుల దూరంలో ఉంటుంది.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: నిజమే గానీ, జేబులో ఉంచుకుంటే చాలు, బటను నొక్కకుండానే తలుపు తీసే తాళాలకే ఆ ప్రమాదం. కారు పంపే పిలుపు మీటరు, మీటరున్నర దాకానే వినబడుతుంది. దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడి పెట్టె కారు పక్కన, ఒకడి పెట్టె మీ గుమ్మం పక్కన. ఆ పిలుపును మోసుకొచ్చి మీ తాళానికి వినిపిస్తారు, అది నమ్మి జవాబిస్తుంది. రోలింగ్ కోడ్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే కోడ్‌ను ఎవరూ విప్పడం లేదు, దూరాన్ని మోసం చేస్తున్నారంతే.

తాళం గుమ్మం పక్క మేకుకు తగిలించకండి. లోపలి గదిలో, సిగ్నల్ ఆపే సంచిలో పెట్టండి. స్టీలు డబ్బా కూడా పనిచేయవచ్చు, మూత వదులైతే పనిచేయదు. ఏదైనా సరే, తాళం అందులో పెట్టి కారు పక్కకు వెళ్లి పిడి పట్టుకోండి. తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా పప్పులకే. కొన్ని టొయోటా తాళాల్లో లాక్ బటను నొక్కి పట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే లైటు నాలుగుసార్లు మెరిసి, తాళం వినడం మానేస్తుంది. ఏదైనా బటను నొక్కితే మళ్లీ మేలుకుంటుంది.

2022లో లండన్‌లో బయటపడ్డ ఇంకో పద్ధతిలో హెడ్‌లైటు దగ్గరి వైరింగ్‌లోకి పరికరం తగిలించి, తాళంతో పనే లేకుండా తలుపు తీశారు. దానికి సంచి అడ్డు రాదు. ఇనుప గేరు లాకో స్టీరింగ్ లాకో అడ్డొస్తుంది. పాతకాలపు వస్తువని చులకన చేయకండి.

ప్రశ్న: ఓడ ఉద్యోగం. నాలుగు నెలలు సముద్రం మీదే. ప్రతిసారీ వచ్చేసరికి బ్యాటరీ చచ్చిపోయి ఉంటోంది. అలారం తీసేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: అలారం తీసేసినా నాలుగు నెలలు ఆగదు. లెక్క చూడండి. అన్నీ కట్టేసిన కారు లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ 50 మిల్లీఆంపియర్లే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. మీది 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుంటే నెలకే దాదాపు ఖాళీ. 20 మిల్లీఆంపియర్లే లాగినా నాలుగు నెలల్లో 57 దాటుతుంది.

అంతకన్నా ఎక్కువ లాగుతోందేమో ఒకసారి కొలిపించండి. నెగటివ్ కేబుల్ తీసి, మల్టీమీటరు 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య వరసలో కలపాలి. తలుపు లాచ్‌లను స్క్రూడ్రైవరుతో మూసినట్టు చేసి అరగంట ఆగాలి. కంప్యూటర్లు నిద్రపోకముందు కొలిచి భయపడేవారే ఎక్కువ. మీటరు తగిలి ఉండగా ఇగ్నిషన్ వేయకండి, ఫ్యూజు పోతుంది. 50 దాటితే ఫ్యూజులు ఒక్కోటి పీకుతూ ఎక్కడ పడిపోతుందో చూడటమే.

ఓడ ఎక్కే ముందు మాత్రం నెగటివ్ టెర్మినల్ తీసేసి వెళ్లండి. బ్యాటరీ ఉన్న సైరన్ అయితే ముందు దాని తాళం తిప్పి ఆపాలి, లేకపోతే కేబుల్ తీయగానే వీధంతా లేస్తుంది. తాళాల నమోదు చెరిగిపోతుందన్న భయం వద్దు, అవి కరెంటు లేకున్నా నిలిచే మెమొరీలో ఉంటాయి. గడియారం, అద్దాల ఆటో సెట్టింగ్ మాత్రం మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

ప్రశ్న: జీపీఎస్ ట్రాకర్ బిగించుకుంటే ఫోనులోంచే ఇంజిను ఆపవచ్చంటున్నారు. పెట్రోలు పంపు వైరు కోసి రిలే పెడతామన్నారు. సరేననొచ్చా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: పంపు వైరుకు ఒప్పుకోకండి. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు. అది చెడినా, సోల్డర్ లేని అతుకు ఊడినా బండి నడుస్తుండగానే ఇంజిను ఆగుతుంది. అనంతగిరి ఘాట్‌లో అరకు నుంచి దిగేటప్పుడు అలా ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరులో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. రిలేను సెల్ఫ్ మోటారును తిప్పించే సొలినాయిడ్‌కు వెళ్లే వైరులో పెట్టించండి. నడిచే బండి ఆగదు, ఆగిన బండి మళ్లీ స్టార్ట్ కాదు. దొంగతనానికి అది చాలు.

12 వోల్టుల, 40 ఆంపియర్ల ఐదు పిన్నుల రిలే తీసుకుని, కోసిన వైరు రెండు కొనలనూ రిలే మీద 30, 87ఏ అని రాసి ఉన్న పిన్నులకు కలపాలి. అప్పుడు మామూలు వేళల్లో రిలే కాయిల్‌కు కరెంటే అక్కర్లేదు, ట్రాకరు చచ్చిపోయినా బండి నడుస్తుంది. కాయిల్ పిన్నులు 85, 86 మధ్య 1ఎన్4007 డయోడు, తెల్ల గీత పాజిటివ్ వైపు. అది లేకపోతే రిలే వదిలినప్పుడల్లా వచ్చే ఎదురు వోల్టేజి ట్రాకరు ట్రాన్సిస్టర్‌ను కాల్చేస్తుంది. సొలినాయిడ్ వైరు ఎంత మందముందో అంతే మందం వైరు వాడాలి. అతుకులు సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయాలి. ఉత్త టేపు చుట్టు మన ఎండకు ఒక్క వేసవి కూడా నిలవదు. పుష్ స్టార్ట్ కార్లలో, వారంటీలో ఉన్న కార్లలో ఏ వైరూ కోయనివ్వకండి. కప్లరుతో తగిలించే రకం అడగండి.

ప్రశ్న: అలారం ఉంటే ఇన్సూరెన్స్ తగ్గుతుందా? కారు పోతే తాళాలు కూడా అడుగుతారట?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: పాత మోటారు టారిఫ్‌లోని లెక్క ప్రకారం ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, అదీ 500 రూపాయలకు మించకుండా తగ్గించేవారు; ఇప్పుడెంతో మీ కంపెనీని అడగండి. పరికరానికి పుణెలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం ఉండాలి, బిగించినట్టు సర్టిఫికెట్టు ఉండాలి. ఆ 500 కోసం అలారం కొనేంత లాభం కాదు.

తాళాలు అడుగుతారన్నది నిజమే. కారు పోతే ముందు 112కు ఫోన్, వెంటనే స్టేషన్‌లో ఎఫ్ఐఆర్, అదే రోజు కంపెనీకి కబురు. తర్వాత ఆర్‌సీ, పాలసీ, పోలీసులు ఇచ్చే ఆచూకీ దొరకలేదన్న తుది నివేదికతో పాటు ఉన్న తాళాలన్నీ ఇవ్వాలి. కంపెనీ ఇచ్చినవి రెండైతే రెండూ అడుగుతారు. ఒక్కటే ఇస్తే రెండోది బండిలోనే వదిలేశారేమోనని ప్రశ్నలు మొదలవుతాయి. తాళం పోగొట్టుకున్న రోజే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు దాచుకోండి, కొత్త తాళం ప్రోగ్రామ్ చేయించిన బిల్లు దానికి జతచేయండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారైతే అమ్మకం కాగితంలో ‘ఒక తాళం మాత్రమే అందింది’ అని ఒక వాక్యం రాయించి సంతకం తీసుకోండి.